రావల్పిండి గ్యాస్ గదుల్లోకి పంపిన మన సిపాయిల రికార్డులు బయటపెట్టండి

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రిగారికి,
కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,

ప్రతి: ఢిల్లీలోని బ్రిటిష్ హైకమిషనర్ గారికి

విషయం: మస్టర్డ్ గ్యాస్ ప్రయోగాలకు గురైన భారతీయ సైనికుల గుర్తింపు, రసాయన ప్రమాద బాధితులకు దీర్ఘకాల వైద్య పర్యవేక్షణ గురించి.

నమస్కారాలు.

నేను ఛాతీ జబ్బుల వైద్యుణ్ణి. చాలా ఏళ్లు ప్రభుత్వ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ విషయం మీద సంబంధిత కార్యాలయాలకు ఇంతకుముందే ఉత్తరాలు రాశాను. ఒకచోటి నుంచి ‘తగు చర్య నిమిత్తం పై కార్యాలయానికి పంపడమైనది’ అని ఒక ముక్క వచ్చింది. మిగతా చోట్ల నుంచి అదీ లేదు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

1930ల తొలి ఏళ్లలో మొదలుపెట్టి పదేళ్లకు పైగా, అప్పటి బ్రిటిష్ ఇండియాలోని రావల్పిండి సైనిక స్థావరంలో భారతీయ సిపాయిల మీద మస్టర్డ్ గ్యాస్ ప్రయోగాలు జరిగాయి. చేసింది ఇంగ్లండులోని పోర్టన్ డౌన్ రసాయన యుద్ధ పరిశోధన కేంద్రం పంపిన శాస్త్రవేత్తలు. వందల మంది సిపాయిలను గ్యాస్ గదుల్లోకి పంపారు. కొందరి ఒంటిమీద నిక్కరు, నూలు చొక్కా, మొహానికి మాస్కు మాత్రమే ఉన్నాయి. తెల్లవారి చర్మంతో పోలిస్తే భారతీయుల చర్మం ఈ విషానికి ఎక్కువ కాలుతుందా అన్నది వాళ్లు తేల్చుకోదలచిన ప్రశ్న. యుద్ధభూమిలో ఎంత మోతాదు వాడాలన్నది మరో ప్రశ్న.

చాలామందికి ఒళ్లు కాలి బొబ్బలెక్కింది. మర్మావయవాలు కూడా కాలాయి. కొందరు రోజుల తరబడి, కొందరు వారాల తరబడి నొప్పితో విలవిల్లాడారు. కొందరిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఒక సిపాయికి మాస్కు జారిపోయి కళ్లూ ముఖమూ కాలిపోయాయి. తీవ్రంగా కాలినవాళ్లు దిగాలుగా, కుంగిపోయి, ఎంతో బాధలో ఉంటున్నారని 1942లో ఆ శాస్త్రవేత్తలే తమ నివేదికలో రాసుకున్నారు. ప్రయోగం అయ్యాక ఆ సిపాయిల ఆరోగ్యం తర్వాతి కాలంలో ఏమైందో వాళ్లు కనుక్కోలేదు. ఈ సంగతులన్నీ బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలోని కాగితాల ఆధారంగా 2007లో అక్కడి పత్రికలో వచ్చినవే. నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నది ఏమీ లేదు. వచ్చి ఇన్నేళ్లయినా ఆ సిపాయిల పేర్లు మన చేతికి రాలేదు. నా ఫిర్యాదు అది.

ఆ వార్త వచ్చినప్పుడు పోర్టన్ అధికారులు ఇచ్చిన సమాధానం, అది వేరే కాలమనీ, ఇప్పటి కొలతలతో దాన్ని తూచకూడదనీ. ఒక వైద్యుడిగా నేను దీన్ని ఒప్పుకోలేను. మస్టర్డ్ గ్యాస్‌ను జర్మన్లు మొదటిసారి ప్రయోగించింది 1917 జూలైలో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర, బ్రిటిష్ సేనల మీదే. ఆ రాత్రి తర్వాత వేల మంది గుడ్డివాళ్లలా ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచి ఆస్పత్రికి చేరడం బ్రిటిష్ వైద్యులే చూశారు. ఊపిరితిత్తులు కుళ్లి చనిపోయినవారికి పోస్ట్‌మార్టం చేసిందీ వాళ్లే. యుద్ధంలో విషవాయువుల వాడకాన్ని నిషేధించిన 1925 జెనీవా ఒప్పందాన్ని 1930లో బ్రిటన్ ఆమోదించింది. ఆ ఒప్పందం పరిశోధనను ఆపలేదు, నిజమే. కానీ ఈ విషం మనిషిని ఏం చేస్తుందో తెలియక చేశామని అనడానికి మాత్రం వీల్లేదు.

ఇప్పుడు ఆ విషం ఒంట్లో చేసే పని చెప్పాలి. ఎందుకంటే ‘బొబ్బలు వచ్చాయి, మానిపోయాయి, ఎనభై తొంభై ఏళ్ల కిందటి గొడవ ఇప్పుడెందుకు’ అనే మాట నాకు చదువుకున్నవాళ్ల నోటే వినబడింది.

1. మొదటి గంటల్లో ఏమీ తెలియదు. పేరులో గ్యాస్ ఉన్నా ఇది నిజానికి నూనెలాంటి ద్రవం. చిన్న తుంపరలుగా, ఆవిరిగా గాలిలో కలుస్తుంది. వెల్లుల్లి వాసనో ఆవాల ఘాటో వస్తుంది, అంతే. ఒంటిమీద పడితే మంట పుట్టదు. కానీ అప్పటికే నిమిషాల్లో చర్మంలోకి దిగి, కణాల్లోని డీఎన్‌ఏకి అతుక్కుని దాని పోగులను ఒకదానికొకటి ముడివేసేస్తుంది. రెండు గంటల నుంచి ఇరవైనాలుగు గంటల మధ్య ఎప్పుడో బాధ మొదలవుతుంది. ఆలోగా ఆ మనిషి అన్నం తిని పడుకుని కూడా ఉండొచ్చు. దీనికి విరుగుడు మందు ఈనాటికీ లేదు. చేయగలిగిందల్లా వెంటనే బట్టలు తీసేసి సబ్బునీళ్లతో ఒళ్లు కడగడం. అది మొదటి ఒకటి రెండు నిమిషాల్లో జరిగితే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనకొద్దీ ఫలితం తగ్గిపోతుంది. అయినా కడగాల్సిందే, లేకపోతే ఆ బట్టల నుంచి పక్కవాళ్లకూ, చూసే నర్సుకూ అంటుకుంటుంది.

2. చర్మం. మొదట ఎండకు కందినట్టు ఎర్రబడుతుంది, దురద పెడుతుంది. తర్వాత చిన్న బొబ్బలు లేచి, అవి కలిసిపోయి పెద్ద బొబ్బలవుతాయి. చెమట పట్టే చోట్ల దెబ్బ ఎక్కువ. చంకలు, గజ్జలు, మెడ, మోచేతి మడతలు, మర్మావయవాలు. వేడి, తేమ ఎక్కువైతే గాయం కూడా లోతవుతుంది. మన దేశపు ఎండల్లో, చెమటతో తడిసిన నూలు చొక్కాతో ఉన్న మనిషిని ఆ గదిలోకి పంపడమంటే ఏమిటో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఈ పుళ్లు మామూలు కాలిన పుళ్లకన్నా చాలా నెమ్మదిగా మానుతాయి. లోతైనవి నెలలు తీసుకుంటాయి. మానాక కూడా చర్మం కొన్నిచోట్ల నల్లగా, కొన్నిచోట్ల తెల్లగా మచ్చలు కడుతుంది, ఎండిపోయి ఏళ్ల తరబడి దురద పెడుతుంది. ఇరాన్‌లో ఈ గ్యాస్ బారిన పడ్డవారు ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా డాక్టర్లకు చెప్పుకునే బాధల్లో రాత్రి నిద్రపోనివ్వని ఈ దురద ఒకటి.

3. కళ్లు. ఒంట్లో అన్నిటికన్నా ముందు దెబ్బతినేవి ఇవే. చర్మం మీద ఏమీ కనిపించని మోతాదుకు కూడా కళ్లు ఎర్రబడి, రెప్పలు వాచి, వెలుతురు చూడలేక మూసుకుపోతాయి. ఎక్కువ మందికి కొన్ని వారాల్లో చూపు తిరిగొస్తుంది. అక్కడితో అయిపోయిందని అనుకుంటారు. కానీ తీవ్రంగా తగిలినవారిలో కొందరికి పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత, ఒక్కోసారి అంతకన్నా ఆలస్యంగా నల్లగుడ్డు మీది పొర మళ్లీ పుండవుతుంది. చూపు మసకబారి క్రమంగా పోతుంది. ముప్పై ఏళ్ల వయసులో గ్యాస్ గదిలోకి వెళ్లిన సిపాయి యాభై దాటాక తన ఊళ్లో అరుగు మీద కూర్చుని ఉండగా చూపు పోగొట్టుకుంటే, దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరు చెబుతారు? పక్కనున్నవాళ్లు వయసు మీద పడిందంటారు, శుక్లాలంటారు.

4. ఊపిరితిత్తులు. ఇది నా విభాగం, కాస్త ఎక్కువ రాస్తాను, మన్నించండి.

ముందు గొంతు బొంగురుపోతుంది. పొడి దగ్గు వస్తుంది. మోతాదు ఎక్కువైతే శ్వాసనాళాల లోపలి పొర చచ్చి, పెచ్చులుగా ఊడి, గాలి దారికి అడ్డం పడుతుంది. దాని మీద న్యుమోనియా పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మస్టర్డ్ గ్యాస్ తగిలి చనిపోయినవారిలో ఎక్కువ మందిని తీసుకుపోయింది ఇదే. నూటికి ఇద్దరు ముగ్గురే చనిపోయారు కదా అని అప్పటి సైనిక లెక్కలు సరిపెట్టుకున్నాయి. బతికిన తొంభై ఏడు మంది సంగతి ఆ లెక్కల్లో లేదు.

బతికినవారి శ్వాసనాళాలు సన్నబడతాయి. చిన్న చిన్న గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. దీన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్ అంటాం. ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. ఊపిరి వదిలించి సీటీ స్కాన్ తీస్తేగానీ లోపల గాలి ఇరుక్కుపోయిన జాగాలు బయటపడవు. దమ్ము, ఆయాసం, కళ్లె, ఏటా వచ్చే ఇన్‌ఫెక్షన్లు, చివరికి ఆక్సిజన్ సిలిండర్. పోయిన శ్వాస తిరిగిరాదు, మందులతో ఊరట మాత్రమే. ఇన్‌హేలర్లు, సీటీ స్కాన్లు లేని కాలంలో ఇంటికి తిరిగొచ్చిన సిపాయికి దగ్గూ ఆయాసమూ ఉంటే మన ఊళ్లలో ఏమని ఉంటారు? క్షయ అని ఉంటారు, చుట్ట తాగడం వల్ల అని ఉంటారు. ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేసి ఉంటారు. అంటువ్యాధి లేని మనిషిని అంటరానివాణ్ణి చేసే ఆ అవమానం కూడా ఈ విషం ఖాతాలోదే.

5. రక్తం. మోతాదు పెద్దదైతే ఎముకల్లోని మూలుగ దెబ్బతిని మూడు నాలుగు రోజుల తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోవడం మొదలవుతుంది. ఒకటి రెండు వారాలకు మరీ అడుగంటుతాయి. అప్పటికి ఒళ్లంతా పుళ్లు. కాపాడాల్సిన కణాలు లేని సమయంలో చీము చేరుతుంది. ఈ గుణాన్నే పట్టుకుని 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్ అనే శాస్త్రవేత్తలు దీని చుట్టమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కు మందుగా వాడి చూశారు. ఇప్పుడు మన క్యాన్సర్ ఆస్పత్రుల్లో రోజూ ఎక్కించే సైక్లోఫాస్ఫమైడ్ ఆ కుటుంబంలోదే. విషం నుంచి వచ్చిన మేలు ప్రపంచమంతా పంచుకుంది. బాధ మాత్రం పడ్డవారికే మిగిలింది.

6. క్యాన్సర్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మస్టర్డ్ గ్యాస్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. హిరోషిమా దగ్గరి ఓకునోషిమా దీవిలో 1929 నుంచి 1945 వరకు జపాన్ సైన్యం ఈ విషాన్ని తయారుచేసింది. అక్కడ పనిచేసిన కార్మికుల్లో తర్వాతి దశాబ్దాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్, గొంతు క్యాన్సర్ మామూలుకన్నా చాలా ఎక్కువగా కనిపించాయి. హిరోషిమా వైద్యులు వాళ్లను ఏళ్ల తరబడి వెంట ఉండి పరీక్షించబట్టే ఇది లోకానికి తెలిసింది.

7. మనసు. బయటికి చెప్పకూడదని ఆజ్ఞ, చెప్పినా నమ్మేవాళ్లు లేకపోవడం, మర్మావయవాల మీది మచ్చలు. వీటిని మోస్తూ కాపురం చేసిన మనిషి గురించి వేరే వివరించనక్కర్లేదు.

పై ఏడింటిలో నాలుగు, బాధితుణ్ణి దశాబ్దాల పాటు చూస్తేగానీ కనిపించని జబ్బులు. రావల్పిండిలో సిపాయిలను మళ్లీ పరీక్షించకుండా వదిలేశారన్న మాటకు అందుకే నేను ఇంత బరువు ఇస్తున్నాను. బొబ్బలు కొలిచే వరకే వాళ్లతో పని. ఆ తర్వాత బతుకు ఎవరికీ పట్టలేదు.

మిగతా దేశాలు ఏం చేశాయో చూడండి. అమెరికా కూడా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తన సొంత సైనికులు అరవై వేల మంది మీద మస్టర్డ్ గ్యాస్, దానిలాగే బొబ్బలు లేపే లూయిసైట్ అనే విషం ప్రయోగాలు చేసింది. నల్లజాతి సైనికులను, జపాన్ మూలాలున్నవారిని, ప్యూర్టోరికో వారిని చర్మం రంగును బట్టి విడదీసి పరీక్షించింది. అక్కడా దశాబ్దాలు దాచిపెట్టారు. కానీ 1993లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిపుణులు బహిరంగంగా నివేదిక ఇచ్చారు. కళ్లమీది మచ్చలు, దీర్ఘకాల బ్రాంకైటిస్, ఆస్తమా, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లు వంటి జబ్బుల జాబితా వేసి, ఒళ్లంతా గ్యాస్‌కు గురైనట్టు తేలిన సైనికుడికి వీటిలో ఏది వచ్చినా సర్వీసు వల్ల వచ్చినదిగానే భావించి పెన్షన్ ఇవ్వాలని ప్రభుత్వం నిబంధన రాసింది. అది కూడా చాలామందికి ఆలస్యంగానే అందింది. అయినా జాబితా ఉంది, నిబంధన ఉంది.

ఇరాన్ సంగతి ఇంకా మనకు దగ్గర. 1980ల యుద్ధంలో ఇరాక్ సేనలు పదేపదే ఈ విషాన్ని చల్లాయి. 1987 జూన్ 28న సర్దష్త్ అనే చిన్న పట్టణం మీద బాంబులు పడ్డాయి. సైనికులు కాదు, బజారుకు వచ్చినవాళ్లు, ఇంట్లో వంట చేస్తున్నవాళ్లు. దాదాపు ఎనిమిది వేల మందికి గ్యాస్ తగిలింది, వంద మందికి పైగా చనిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత అక్కడి వైద్యులు సర్దష్త్‌లో గ్యాస్ తగిలిన 372 మందినీ, పక్కనున్న రబత్ ఊరి నుంచి తగలని 128 మందినీ పక్కపక్కన పెట్టి ఊపిరి, రక్తం, చర్మం, కళ్లు పరీక్షించారు. ఈ రోజు ప్రపంచంలో ఏ వైద్యుడైనా ఈ విషం దీర్ఘకాల ఫలితాల గురించి రాయాలంటే ఆ పరిశోధన చూడాల్సిందే. యుద్ధంతో చితికిపోయిన దేశం ఆ పని చేయగలిగింది.

బ్రిటన్ సంగతీ చెప్పాలి. పోర్టన్ డౌన్‌లో ప్రయోగాలకు గురైన 360 మంది బ్రిటిష్ మాజీ సైనికులకు 2008 జనవరిలో ఆ దేశ రక్షణ శాఖ 30 లక్షల పౌండ్లు ఇచ్చి, క్షమాపణ కూడా చెప్పింది. తమ పౌరులకు చెప్పిన మాట, అదే సంస్థ మనుషుల చేతిలో కాలిన రావల్పిండి సిపాయిల కుటుంబాలకు ఎందుకు చెప్పకూడదో హైకమిషనర్ గారు దయచేసి వివరించాలి.

రహస్యం ఎలా చంపుతుందో ఒక్క ఉదాహరణ ఇస్తాను. 1943 డిసెంబర్ 2న ఇటలీలోని బారీ ఓడరేవు మీద జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. అక్కడున్న జాన్ హార్వీ అనే అమెరికా ఓడలో రెండు వేల మస్టర్డ్ బాంబులున్నాయి. ఆ సంగతి ఆస్పత్రుల వాళ్లకు తెలియదు. నీళ్లలో నూనెతో కలిసిన విషంలో ఈది వచ్చిన నావికులను తడి బట్టలతోనే దుప్పట్లు కప్పి కూర్చోబెట్టారు. చలికి వణుకుతున్నారు కదా అని చేసిన మేలే విషాన్ని లోపలికి ఇంకించింది. ఆస్పత్రుల్లో 628 మంది సైనికులు, నావికులు ఈ విషానికి గురైనట్టు తేలింది, వారిలో 83 మంది చనిపోయారు. కర్నల్ స్టీవర్ట్ అలెగ్జాండర్ అనే వైద్యుడు ఇది మస్టర్డ్ అని తేల్చి రాస్తే, బ్రిటిష్ రికార్డుల్లో ఆ మాట ఉండకూడదని, శత్రుదాడి వల్ల కాలిన గాయాలని రాయాలని చర్చిల్ పట్టుబట్టాడు. బట్టలు తీసి స్నానం చేయించమని ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఎంతమంది బతికేవారో!

ఇది మన ఇంటి సంగతి కూడా కాబట్టే తెలుగులో రాస్తున్నాను. భోపాల్‌లో 1984 డిసెంబర్‌లో గ్యాస్ చిమ్మింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మొదలుపెట్టిన ఆరోగ్య అధ్యయనాలు 1994లో ఆగిపోయాయి. ఆ పని మళ్లీ చేపట్టడానికి అక్కడ పర్యావరణ ఆరోగ్య పరిశోధన సంస్థను 2010లోగానీ పెట్టలేదు. మధ్యలో జారిపోయిన పదహారేళ్లను ఏ సంస్థా తిరిగి తేలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్.వెంకటాపురంలో, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్ముకుని పన్నెండు మంది చనిపోయారు. స్టైరీన్ వేరు, మస్టర్డ్ వేరు, రెండూ ఒకటేనని నేను ఎవరినీ భయపెట్టడం లేదు. కానీ స్టైరీన్ కూడా క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. ఆ రోజు రోడ్డు మీద స్పృహ తప్పి పడిపోయిన పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకు వస్తున్నారు. పరిహారం చెక్కులతో వాళ్ల ఊపిరితిత్తుల కథ ముగియదు. పరవాడ, పాశమైలారం, పటాన్‌చెరు చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లకు ఈ టెన్షన్ రోజూ ఉండేదే.

ఇక మన సైనిక గ్రామాల మాట. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరు వందల మందిని పంపింది. రావల్పిండి గదుల్లోకి వెళ్లినవారిలో ఆ ఊరివారు ఉన్నారని నేను అనడం లేదు. పేర్ల జాబితా బయటికి వస్తేగానీ పంజాబు వాళ్లా, మరాఠాలా, మనవాళ్లా అని ఎవరూ చెప్పలేరు. ఎవరైనా మనవాళ్లే. ఆ కుటుంబాలు ఇప్పుడు భారత్‌లో, పాకిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో ఉండొచ్చు. రావల్పిండి ఇప్పుడు సరిహద్దు అవతల ఉందన్న సాకుతో ఈ ఫైలు మూసేయవద్దు.

మా కోరికలు ఇవి.

ఒకటి. రావల్పిండి ప్రయోగాలకు సంబంధించిన ప్రతి కాగితాన్నీ, అంటే సిపాయిల పేర్లు, రెజిమెంట్లు, తేదీలు, మోతాదులు, ఆస్పత్రి కేసు షీట్లను భారత ప్రభుత్వం అధికారికంగా బ్రిటన్‌ను అడగాలి. నకళ్లు మూడు దేశాల పరిశోధకులకూ అందుబాటులో ఉంచాలి.

రెండు. మన దగ్గరున్న సైనిక రికార్డు కార్యాలయాల్లో, ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో కూడా వెతికించాలి. చరిత్రకారులు, వైద్యులు, మాజీ సైనికులు కలిసిన చిన్న కమిటీ వేసి ఏడాదిలో నివేదికను పార్లమెంటు ముందు పెట్టాలి. నివేదిక ఇంగ్లిషులోనే ఉండిపోకూడదు.

మూడు. దొరికిన పేర్లను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా ఊళ్లకు చేర్చాలి. ఆ సిపాయిలను విధినిర్వహణలో గాయపడినవారిగా ప్రకటించాలి. చట్టం అనుమతించిన మేరకు వారి భార్యాబిడ్డలకు రావాల్సినవి ఇవ్వాలి. బ్రిటన్ నుంచి క్షమాపణ, పరిహారం కోరాలి.

నాలుగు. ఇది మన సొంత ఇంటి బాధ్యత. 1997లో రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు భారత్ తన దగ్గర వెయ్యి టన్నులకు పైగా రసాయన ఆయుధ నిల్వ ఉందని ప్రకటించింది. అందులో దాదాపు అంతా మస్టర్డే. 2009 మార్చికల్లా మొత్తం ధ్వంసం చేసి మాట నిలబెట్టుకుంది. అందుకు గర్వపడుతున్నాను. అయితే దాన్ని తయారుచేసినవాళ్లు, నిల్వచేసినవాళ్లు, ధ్వంసం చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లందరికీ జీవితాంతం ఏటా ఊపిరితిత్తుల, కళ్ల, చర్మ పరీక్షలు ఉచితంగా జరుగుతున్నాయని ప్రభుత్వం ప్రకటించాలి. జరగకపోతే ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఆయుధ రహస్యాలు మాకు అక్కర్లేదు, మనుషుల ఆరోగ్యం కావాలి.

ఐదు. ఏ రసాయన ప్రమాదంలోనైనా గ్యాస్ తగిలిన ప్రతి మనిషి పేరూ ఒక జాతీయ రిజిస్టర్‌లో ఎక్కాలి. కనీసం ముప్పై ఏళ్లు కబురు పెట్టి పిలిచి పరీక్షించాలి. రిజిస్టర్‌ను కర్మాగారం చేతిలోగానీ, దానికి లైసెన్సు ఇచ్చిన శాఖ చేతిలోగానీ పెట్టకూడదు. వెంకటాపురంతోనే మొదలుపెట్టండి.

ఆరు. రసాయన పరిశ్రమలున్న ప్రతి జిల్లాలో ప్రభుత్వ ఆస్పత్రి బయట, క్యాజువాలిటీలోకి రాకముందే బట్టలు మార్చి ఒళ్లు కడిగే ఏర్పాటు ఉండాలి. నీళ్లు, సబ్బు, షవర్లు, తెరలు, వేరే బట్టలు, సిబ్బందికి సరైన గ్లౌజులు, మాస్కులు. కోట్ల ఖర్చు కాదు. రసాయన విపత్తులపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2007లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, అవి అల్మరాల్లో ఉన్నాయి. ఎంబీబీఎస్‌లో ఈ పాఠం ఫోరెన్సిక్ పుస్తకంలో అర పేజీతో సరిపోతోంది. దాన్ని క్యాజువాలిటీ డ్యూటీ శిక్షణలోకి తేవాలి. ముఖ్యంగా, ఘాటు వాసన పీల్చి వచ్చిన మనిషిని ‘ఏం లేదు, ఇంటికెళ్లు’ అని రెండు గంటల్లో పంపేయకుండా, ఏ రసాయనమో తేలేదాకా ఒక రాత్రైనా ఉంచుకుని చూసే అలవాటు రావాలి. ఈ మాట నా తోటి వైద్యులకు కూడా.

ఈ లేఖకు 90 రోజుల్లో జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. నేను అందరి ముందూ అడిగాను కాబట్టి జవాబు కూడా అందరికీ తెలిసేలా ఇవ్వండి. రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆరు కోరికలకూ ఆరు దరఖాస్తులు పెడతాను. తాతల సైనిక కాగితాలు, పెన్షన్ పుస్తకాలు, మెడికల్ బోర్డు చీటీలు ఇంట్లో ఉన్నవారు వాటిని పారేయకుండా నకలు తీయించి, మీ జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇట్లు,
ఒక ఛాతీ జబ్బుల వైద్యుడు
విశాఖపట్నం